సమానం గుర్తుల మధ్య తెనాలి పెద్దక్క

ఈ ఆదివారం మొత్తం అమ్మ కొత్త ఫోన్‌కే సరిపోయింది. పాతదాని బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచింది. ఇక దాన్ని తలగడ పక్కన పెట్టుకోవడం మంచిది కాదని నిన్న సాయంత్రం కొత్తది కొన్నాం. షాపులో డేటా మొత్తం మార్చి ఇస్తామన్నారు గానీ, పాత ఫోన్ మరీ పాతది కావడంతో వాళ్ల ట్రాన్స్‌ఫర్ యాప్ అందులో ఇన్‌స్టాల్ కాలేదు. ఫొటోలు రాత్రే కేబుల్ పెట్టి కాపీ చేశాను. కాంటాక్టుల పని పొద్దున పెట్టుకున్నాను. పాతదాంట్లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే కాంటాక్టులన్నీ ఉండే ఒక వీసీఎఫ్ ఫైలు వచ్చింది. మెమరీ కార్డు తీసి కొత్తదాంట్లో వేసి ఇంపోర్ట్ నొక్కాను. అంతా పూర్తయిందని మెసేజ్ కూడా వచ్చింది.

అమ్మ ఆపాటికే పట్టుచీర కట్టుకుని సోఫాలో కూర్చుంది. డాలస్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుకు ఇల్లు కొన్నాడు. గృహప్రవేశం వీడియోలో చూడమని అందరికీ క్యాలెండర్ ఇన్విటేషన్ పంపాడు. ఫోన్‌లో ఆదివారం ఉదయం 9:30 అని ఉంది. ఆ టైముకి లింకు తెరిస్తే అవతల ఎవరూ లేరు. తెనాలిలో ఉన్న పెద్దమ్మని అడిగితే తెలుస్తుందని అమ్మ కొత్త ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"ఏమే, ఇందులో అక్క ఏదే?"

వెళ్లి చూశాను. 'తెనాలి పెద్దక్క' అని ఉండాల్సిన చోట 'తెనాలి పె' అని ఉంది. కిందికి జరుపుతూ పోతే అన్నీ అలాగే కనిపించాయి. 'మిక్సీ రి', 'గ్యాస్ సి', 'డాక్టరు గ', 'ఎలక్ట్రీ'. ఇంగ్లిషులో సేవ్ అయిన పేర్లు ఎంత పొడుగున్నా చెక్కుచెదరలేదు. తెలుగులో కూడా 'పిన్ని', 'అన్నయ్య' లాంటి పొట్టి పేర్లు క్షేమంగా ఉన్నాయి. పొడుగు తెలుగు పేర్లే సగంలో తెగిపోయాయి.

అమ్మ కాంటాక్టు లిస్టు చూసిన వాళ్లకి అది ఎంత శ్రద్ధగా పెట్టుకున్నదో తెలుస్తుంది. ఎవరి నంబరైనా సరే, వాళ్లు ఎవరో, ఎక్కడి వాళ్లో, దేనికి ఫోన్ చేయాలో కలిపి పేరు పెడుతుంది. 'పువ్వులమ్మ శనివారం', 'తిరపతి రూము ఆయన', 'పాత ఇంటి ఓనరు భార్య'. తెలుగు కీబోర్డు నేర్పినప్పటి నుంచి ఒక్కొక్కటే తనే టైప్ చేసుకుంది. ఆ లిస్టు ముక్కలైపోతే నాకు నిజంగా కోపం వచ్చింది. అమ్మ టెన్షన్ చూసి ఇంకా ఎక్కువైంది.

ఫైలుని లాప్‌టాప్‌లో వేసి నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. వీసీఎఫ్ ఫైళ్లు రాసే పద్ధతి పేరు వీకార్డ్. ఆ ఫైలు చూడ్డానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. బిగిన్ వీకార్డ్ అని మొదలై ఎండ్ వీకార్డ్ అని ముగుస్తుంది. మధ్యలో పేరుకో వరుస, నంబరుకో వరుస, ఉంటే పుట్టినరోజుకో వరుస. పెద్దమ్మ పేరు ఉన్న వరుస మాత్రం కంటికి పేరులా లేదు. 'త' అనే ఒక్క అక్షరం స్థానంలో =ఈ0=బి0=ఏ4 అని ఉంది. నిజానికి ఇక్కడ అంతా లెక్క ప్రకారమే ఉంది. అక్షరాలని కంప్యూటర్ అంకెలుగా దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకి, పొల్లుకి, ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. ఆ బైట్లను 'క్వోటెడ్ ప్రింటబుల్' అనే పద్ధతిలో రాస్తే ఒక్కో బైటు ముందు ఒక సమానం గుర్తు, ఆ తర్వాత రెండు గుర్తులు. అంటే ఒక్క 'త'కి 9 గుర్తులు. 'అమ్మ' అని రాయడానికి 36.

ఈ క్వోటెడ్ ప్రింటబుల్ పద్ధతి 1992లో ఈమెయిల్ కోసం మైమ్ అనే స్టాండర్డ్‌తో పాటు వచ్చింది. అప్పటి మెయిల్ సర్వర్లలో చాలావాటికి 7 బిట్లలో ఇమిడే ఇంగ్లిషు అక్షరాలు తప్ప వేరేవి పంపితే చెడిపోయేవి. వేరే భాషల అక్షరాలు దారిలో పాడవకుండా చేరాలంటే ఇలా మూట కట్టక తప్పేది కాదు. ఒక వరుస 76 గుర్తులు దాటకూడదనే నియమం కూడా అందులోనే ఉంది. దాటితే వరుస చివర ఒక్క సమానం గుర్తు ఒంటరిగా పెట్టి కింది వరుసలో కొనసాగించాలి. చదివే ప్రోగ్రామ్ ఆ గుర్తు చూసి రెండు వరుసల్నీ మళ్లీ కలుపుకోవాలి.

కొత్త ఫోన్ చేయని పని ఇదే. ఎంత సర్దినా ఒక వరుసలో ఎనిమిది తెలుగు గుర్తులకి మించి పట్టవు. 'తెనాలి' అంటే త, ఎత్వం, న, దీర్ఘం, ల, గుడి. అప్పటికే ఆరు అయిపోయాయి. ఒక ఖాళీ, 'పె'కి ఇంకో రెండు, అక్కడితో వరుస నిండింది. మిగతా 'ద్దక్క' కింది వరుసలో బుద్ధిగా కూర్చుని ఉంది. ఫోన్ ఆ కింది వరుసని చెత్త అనుకుని వదిలేసింది. ఇంగ్లిషు పేర్లకి ఈ మూట కట్టే అవసరమే రాదు కాబట్టి వాటికి ఏమీ కాలేదు.

వీకార్డ్ 2.1 రూపం 1996 నాటిది. యాపిల్, ఏటీ అండ్ టీ, ఐబీఎం, సీమెన్స్ కలిసి పెట్టుకున్న వెర్సిట్ అనే బృందం దాన్ని తయారు చేసింది. 1998లో 3.0 వచ్చింది. 2011లో వచ్చిన 4.0లో ఫైలు యూటీఎఫ్-8లోనే ఉండాలని కచ్చితంగా రాశారు. పొడుగు వరుసని విరిచేటప్పుడు కూడా ఒక అక్షరం బైట్లు రెండు వరుసల్లోకి చీలిపోకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆ పత్రం ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఎంత ఆలోచించి రాశారో చదివితే తెలుస్తుంది, నాకు ఆ రాసినవాళ్ల మీద గౌరవం ఉంది. అయినా పాత ఫోన్ 2.1లోనే రాసింది. కొత్త ఫోన్ ఆ 2.1ని సగమే చదవగలిగింది. ఒక్క పొడుగు తెలుగు పేరుతో, లేదా తమిళం పేరుతో, బెంగాలీ పేరుతో పరీక్షించి ఉంటే ఇది మొదటి రోజే బయటపడేది. పరీక్షించిన పేర్లు అన్నీ ఇంగ్లిషువే అయ్యుంటాయి.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. చివర సమానం గుర్తు ఉన్న వరుసల్ని కింది వాటితో కలిపి, మూటలు విప్పి, మామూలు తెలుగులో 3.0 ఫైలుగా మళ్లీ రాయించాను. ఈసారి పేర్లన్నీ పూర్తిగా వచ్చాయి. కానీ అమ్మ ఇంకా వెతుకుతూనే ఉంది. 'తెనాలి పెద్దక్క' కాస్తా 'పెద్దక్క తెనాలి' అయింది. డాక్టరు గారు, పంతులు గారు, మేనేజరు గారు అందరూ 'గ' కింద ఒకేచోట చేరారు.

వీకార్డ్‌లో పేరు రెండు రకాలుగా ఉంటుంది. మొత్తం పేరు యథాతథంగా ఒక వరుస. ముక్కలుగా విడగొట్టింది ఇంకో వరుస. ఆ ముక్కల్లో ఇంటిపేరు మొదట, సొంత పేరు తర్వాత, మధ్య పేరు, ముందు బిరుదు, వెనక బిరుదు, మొత్తం ఐదు గళ్లు. అమ్మ పేరంతా ఒకే గడిలో టైప్ చేసింది. పాత ఫోన్ చివరి మాటని తీసుకెళ్లి ఇంటిపేరు గడిలో పెట్టింది. అలా 'గారు' ముగ్గురికి ఇంటిపేరు అయింది. ఇందాక ముక్కల వరుస తెగిపోవడంతో కొత్త ఫోన్ మొత్తం పేరునే చూపించినట్టుంది. ఇప్పుడు ముక్కలు సరిగ్గా దొరికేసరికి వాటిని పట్టుకుంది.

మన పేర్లకి ఈ గళ్లు ఎప్పుడూ కుదరవు. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగానే వస్తుంది. అమ్మ పెట్టుకునే పేర్లలో అసలు ఇంటిపేరే ఉండదు, ఊరు ఉంటుంది, పని ఉంటుంది, వరస ఉంటుంది. స్టాండర్డ్ రాసినవాళ్లకి ఈ సంగతి తెలియక కాదు. 4.0లో మొత్తం పేరు తప్పనిసరి, ముక్కలు ఐచ్ఛికం. 2024లో వచ్చిన జేఎస్‌కాంటాక్ట్ అనే కొత్త రూపంలో అయితే పేరులోని ముక్కలు ఏ వరుసలో రాశారో అదే వరుసలో చూపించాలని చెప్పుకునే వీలు కూడా ఉంది. ఇంటిపేరు ముందు రాసుకునే వాళ్లందరికీ ఇది ఎంతో మేలు. అది మా అమ్మ చేతిలో ఉన్న ఫోన్ దాకా ఎప్పుడు వస్తుందో చూడాలి. ప్రస్తుతానికి స్క్రిప్టుతో ఇంటిపేరు గడి ఖాళీ చేసి, మొత్తం పేరుని సొంత పేరు గడిలో పెట్టి మూడోసారి ఇంపోర్ట్ చేశాను. పెద్దమ్మ 'త' కిందికి తిరిగి వచ్చింది.

అప్పుడు ఫోన్ చేస్తే పెద్దమ్మ కూడా పొద్దున్నుంచి చీర కట్టుకుని కూర్చునే ఉందట. ఇద్దరి ఫోన్లలోనూ 9:30 అనే ఉంది. ఇన్విటేషన్ ఫైలు తెరిచి చూశాను. ఇలాంటి ఇన్విటేషన్లు ఎలా రాయాలో చెప్పే ఐక్యాలెండర్ స్టాండర్డ్‌లో సమయం మూడు రకాలుగా రాయొచ్చు. చివర జెడ్ ఉంటే అంతర్జాతీయ సమయం. ప్రాంతం పేరు ఉంటే ఆ ప్రాంతపు సమయం. రెండూ లేకపోతే చూసేవాళ్ల గడియారం ఎంత చూపిస్తే అంత. మూడోది పనికిరానిదేమీ కాదు. పొద్దున 8 గంటలకి బీపీ మాత్ర అని పెట్టుకుంటే, ఏ దేశం వెళ్లినా అక్కడి 8కే మోగాలి కదా. గృహప్రవేశానికి మాత్రం అది కుదరదు. మావాడు వాడిన యాప్ ప్రాంతం పేరు రాయకుండా వదిలేసింది. డాలస్‌లో ఇప్పుడు సమ్మర్ టైమ్, మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ ఉదయం 9:30 అంటే మనకి రాత్రి 8. అమ్మకి చెబితే, "అయితే వంట కానిచ్చేస్తాను" అని చీర మార్చుకోవడానికి వెళ్లింది.

2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ఐఫోన్లని కుప్పకూల్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. జ, పొల్లు, ఞ, మధ్యలో అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు, ఆ తర్వాత దీర్ఘం. ఈ కూర్పు మెసేజ్‌లో వస్తే యాప్ తెరిచినా మూసుకుపోయేది. అప్పుడు ప్రపంచమంతా వార్త అయింది, ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. పేరు సగంలో తెగిపోతే వార్త కాదు. ఫోన్ ఆగిపోదు, ఎర్రర్ రాదు, పూర్తయిందని మెసేజ్ కూడా వస్తుంది. అందుకే దీన్ని ఎవరూ సరిచేయరు. నాకు బాధ కలిగించేది అదే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కింది పోర్షన్‌లో ఉండే పిన్నిగారు వచ్చారు. సంగతి విని తన ఫోన్ తెచ్చి చూపించారు. ఆవిడ రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. ఫోన్‌లో పేర్లన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి. ఇదివరకు ఫోన్ మార్చినప్పుడు తెలుగు పేర్లు పాడైతే, షాపులో అబ్బాయి కూర్చుని అన్నీ ఇంగ్లిషులో టైప్ చేసి ఇచ్చాడట. పాపం అతను తనకి చేతనైన సాయం చేశాడు. కానీ ఆవిడకి ఇంగ్లిషు రాదు. ఎవరి నంబరు ఏదో చివరి రెండంకెలు చూసి గుర్తుపడుతున్నారు. "47 అంటే మా అబ్బాయి, 12 అంటే మా ఆడపడుచు. ఒకే అంకెలు ఇద్దరికి ఉంటేనే ఇబ్బందమ్మా" అన్నారు.

ఆవిడ తప్పు చేసినట్టు చెబుతుంటే వినలేకపోయాను. తన భాష తను చక్కగా చదవగలిగిన మనిషి తన సొంత ఫోన్‌లో తన కొడుకు పేరు చదవలేకపోవడం ఏమిటి? ఆవిడ తెలుగు అక్షరాలకి, ప్రపంచ భాషల అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్ పట్టికలో, దాని మొదటి వెర్షన్ వచ్చిన 1991 నుంచీ చోటుంది. పేర్లు ఎలా మోసుకెళ్లాలో చెప్పే స్టాండర్డ్ ఉంది. దాన్ని పూర్తిగా చదివి, పూర్తిగా అమలు చేసి, ఒక పొడుగు తెలుగు పేరుతో పరీక్షించే ఓపిక ఎవరో ఒకరికి ఉండాల్సింది.

సాయంత్రం రెండు పనులు చేశాను. ఫోన్ కంపెనీ వాళ్ల సపోర్టుకి వివరంగా రాశాను. పెద్దమ్మ పేరు, నంబరు తీసేసి, అంతే పొడుగున్న వేరే మాటలతో చిన్న నమూనా ఫైలు తయారు చేసి జతపరిచాను, ఏ వరుస దగ్గర తెగుతోందో చూపించాను. ఇలాంటి ఉత్తరాలకి జవాబు రావడం అరుదే గానీ, కళ్లకి కనిపించే ఉదాహరణ ఇస్తే ఏదో ఒక ఇంజనీరుకి చేరుతుందని నా నమ్మకం. రెండోది, అమ్మ లిస్టు సరిచేసిన ఫైలుని పెన్‌డ్రైవ్‌లో ఒకటి, నా లాప్‌టాప్‌లో ఒకటి దాచాను. ఈసారి ఫోన్ పాడైనా పువ్వులమ్మ శనివారం ఎక్కడికీ పోదు.

రాత్రి 8కి అందరం టీవీలో డాలస్ ఇల్లు చూశాం. పాలు పొంగాయి. పెద్దమ్మ, అమ్మ అటూ ఇటూ వీడియోలో పాట పాడారు.

రేపు ఆఫీసు నుంచి వచ్చాక పిన్నిగారి ఫోన్ తీసుకుంటాను. ఆవిడ చివరి అంకెలు చూసి పేరు చెబుతారు, నేను తెలుగులో టైప్ చేస్తాను. అంతా అయ్యాక ఎక్స్‌పోర్ట్ చేసి, అమ్మ పాత ఫోన్‌లాగే ఇదీ పొడుగు వరుసల్ని విరిచి రాస్తోందేమో ముందే చూసుకోవాలి.