పదహారేళ్ల కారుతో ఐదు రోజుల కొండ ప్రయాణం

బయలుదేరిన రోజు తెల్లవారుజామున ఓడోమీటరు 2,87,412 కిలోమీటర్లు చూపిస్తోంది. డ్యాష్‌బోర్డు అరలో మడిచిపెట్టిన కాగితం ఒకటి ఉంది. మేము ఎప్పుడూ బండి చూపించే షెడ్డులో వారం క్రితం ఇచ్చిన ఎస్టిమేటు అది. ముందు ఎడమవైపు సస్పెన్షన్‌లో గాలి లీకు, ముందు చక్రాల కంట్రోల్ ఆర్మ్ బుష్‌లకు (చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీల కీళ్లలోని రబ్బర్లకు) పగుళ్లు, వాల్వ్ కవర్ గాస్కెట్ (ఇంజను పైమూత రబ్బరు సీలు) దగ్గర ఆయిల్ చెమర్చడం, ఇంజనును చల్లబరిచే ద్రవం (కూలెంట్) ఉండే, పసుపు తిరిగిన ప్లాస్టిక్ ట్యాంకు, ఇంతవరకూ ఒక్కసారి కూడా మార్చని గేర్‌బాక్స్ ఆయిల్ అని వరుసగా రాసి కింద మొత్తం వేశారు. కారును ఉన్నది ఉన్నట్టుగా అమ్మితే వచ్చే సొమ్ములో ఆ మొత్తం ఐదింట నాలుగు వంతులు. చూసినవారంతా ఒకే మాట అన్నారు: ఇంక దాన్ని వదిలించుకోండి.

ఆ మాటలో తప్పు ఉందని నేను అనుకోలేదు. అయితే ఆరు సిలిండర్ల ఇంజనుతో, చప్పుడు తెలియని గేర్‌బాక్సుతో, ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు తిత్తుల మీద తేలుతున్నట్టు నడిచే ఆ కారుతో పదకొండేళ్లు కలిసి తిరిగాను. దాన్ని ఒక కాగితం చూసి వదులుకోవడానికి మనసొప్పలేదు. ఎలాగూ పిల్లలకు సెలవులు లేవు, వాళ్లు అమ్మమ్మ దగ్గర ఉంటామన్నారు. కొండల మీదికి వెళ్లి రావాలని నా భార్య ఎన్నాళ్లుగానో అడుగుతోంది. రానూ పోనూ సుమారు 1,200 కిలోమీటర్ల ఆ దారిలో బండి ఏమి చెబుతుందో శ్రద్ధగా విని, ఇంటికి వచ్చాక నిర్ణయం తీసుకుందామని ఇద్దరం అనుకున్నాం. ఇంజను సమాచారాన్ని ఫోనులో చూపించే చిన్న పరికరాన్ని స్టీరింగు కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు తగిలించాను. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను.

మొదటి రోజు మైదానపు దారి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, ఆ లేకపోవడమే ఒక రకంగా ఆ రోజు విశేషం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఇంజను నిమిషానికి రెండు వేల చుట్లు కూడా దాటకుండా నడిచింది. కూలెంట్ వేడి 92, 94, 96 డిగ్రీల మధ్యే ఉంది. ఇద్దరం గొంతు పెంచకుండా మాట్లాడుకున్నాం. గతుకుల మీద మాత్రం ముందువైపు నుంచి డబ్ డబ్ మని బుష్‌ల చప్పుడు వినిపించింది, బ్రేకు వేసినప్పుడు స్టీరింగు రవ్వంత ఎడమకు లాగింది. నోటుపుస్తకంలో ఆ రెండే రాశాను.

సాయంత్రం మొదటి కొండ ఎక్కి బస చేశాం. కారు ఆపాక, అలవాటు కొద్దీ, ముందు ఎడమ టైరుకూ దాని పైన రేకు అంచుకూ మధ్య చెయ్యి పెట్టి చూశాను. నాలుగు వేళ్లు పట్టాయి. రాత్రి బాగా చలి పడింది. ఉదయం మళ్లీ చూస్తే అక్కడ రెండు వేళ్లే పట్టాయి. ఆ మూల మాత్రం మోకాలు మడిచినట్టు కుంగి ఉంది. ఇంజను స్టార్టు చేయగానే వెనకవైపు కంప్రెసర్ గుర్రుమంటూ చాలాసేపు పనిచేసి దాన్ని నెమ్మదిగా పైకి లేపింది. చలికి రబ్బరు బిగుసుకుని, మడతల దగ్గరి సన్నని పగుళ్లలోంచి గాలి ఎక్కువగా పోతుంది. పోయిన గాలిని నింపడానికి కంప్రెసర్ తన శక్తికి మించి తిరిగి తిరిగి వేడెక్కుతుంది. తిత్తి మార్చకుండా కాలం గడిపేవారు చివరికి తిత్తితో పాటు కంప్రెసర్‌నూ కొనుక్కోవలసి వస్తుంది. ఇది నాకు ముందే తెలుసు, అయినా నాలుగు నెలలుగా వాయిదా వేస్తూ వచ్చాను.

రెండో రోజు పదకొండు గంటల వేళ పెద్ద కనుమ ఎక్కుతుండగా ఫోనులో అంకె 101 చూపించింది. రెండు మలుపులు తిరిగేసరికి 106 అయింది. ఏసీ ఆపి, హీటరును పూర్తిగా తిప్పాను. ఇంజనులోని వేడి కొంత క్యాబిన్‌లోకి వస్తుందని ఆ పని చేశాను. 112 దగ్గర బానెట్ అంచుల్లోంచి సన్నని ఆవిరి, దానితో పాటు తియ్యటి వాసన వచ్చాయి. వేడెక్కిన కూలెంట్ వాసన అది, ఒకసారి పీల్చినవారు మరిచిపోరు. రోడ్డు పక్కన చోటు చూసి వెంటనే ఇంజను ఆపేశాను. అల్యూమినియం సిలిండర్ హెడ్ ఉన్న ఇంజనును అంత వేడిలో ఇంకో రెండు కిలోమీటర్లు నడిపితే హెడ్ వంగి, గాస్కెట్ పోయి, మా నిర్ణయం మాకు సంబంధం లేకుండానే జరిగిపోయేది.

కూలెంట్ ట్యాంకు మూత తీయబోతే నా భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె ఆపడమే మంచిదయింది. ఆ వ్యవస్థ మూసి ఉన్నప్పుడు లోపల ఒత్తిడి బయటి గాలి కన్నా ఒక బార్‌కు (సుమారు మామూలు గాలి ఒత్తిడి అంత) మించి ఉంటుంది, అందుకే లోపలి ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తెరిచిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి అంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. గంటసేపు ఊరుకున్నాం. చల్లారాక చూస్తే కూలెంట్ ప్రవాహాన్ని అదుపుచేసే థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ డబ్బా, అంటే హౌసింగు, గొట్టం మొదట్లో, ఎండిపోయిన ఉప్పులా గులాబీ రంగు పెచ్చు కట్టి ఉంది, దాని మధ్యలో గోరు గీసినట్టు ఒక పగులు.

ఆటోమేటిక్ బండిని తాడు కట్టి లాగకూడదు. గేర్‌బాక్సులో ఆయిల్‌ను తిప్పే పంపు ఇంజను తిరిగితేనే పనిచేస్తుంది, చక్రాలు మాత్రమే తిరిగితే లోపలి భాగాలు ఆయిల్ అందక అరిగిపోతాయి. అందుకని మొత్తం బండిని పైకెక్కించుకునే లారీని పిలిపించి, కొండ కింది ఊళ్లో ఒక షెడ్డుకు చేరాం. అక్కడి మేస్త్రి అరవై దాటిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. పగిలిన హౌసింగు ఊడదీసి నా అరచేతిలో పెట్టి, అంచును వేళ్లతో నలపమన్నారు. నలిపితే ఎండు రొట్టెలా పొడి రాలింది.

“ఇది పదహారేళ్లు వేడి తిన్న ప్లాస్టిక్ సార్. కిలోమీటర్లతో పని లేదు, ఇంట్లో పెట్టుకున్నా కొన్నేళ్లకు ఇలాగే అయ్యేది” అన్నారాయన.

కొత్త హౌసింగు రావడానికి రెండు రోజులు పడుతుందని తేలింది. ఖరీదైన కారును ఉంచుకోవాలనుకునేవారు ముందుగా ఆలోచించవలసినది ఈ రెండు రోజుల గురించే అని నాకు అప్పుడు అనిపించింది. మామూలు కారు భాగం ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఇలాంటి బండికి ఎదురుచూపు కూడా ఖర్చులో భాగమే. ఎలాగూ ఆగాం కాబట్టి ఇంజను సంగతి కూడా తేల్చమని మేస్త్రి గారిని అడిగాను. మూడో రోజు ఉదయం ఆయన ఆరు స్పార్క్ ప్లగ్‌లూ తీసి, ఒక్కో సిలిండరులో గేజీ బిగించి కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో, చూశారు. నేను పక్కన నిలబడి రాసుకున్నాను: 12.0, 11.8, 12.0, 11.5, 11.8, 11.9 బార్. అంకెలు ఎంత ఉన్నాయన్నదాని కన్నా, వాటి మధ్య తేడా ఎంత తక్కువ ఉందన్నది ముఖ్యం. ఒక సిలిండరు మిగతా వాటి కన్నా బాగా వెనకబడితే రింగులో వాల్వులో పోయినట్టు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటి తెల్లటి జిగురు లేదు, కాబట్టి కూలెంట్ ఆయిల్‌లో కలవలేదు. తరవాత బండిని లిఫ్టు మీదికి ఎత్తి, స్క్రూడ్రైవరు పిడితో కింది రేకులనూ ఇంజనును మోసే సబ్‌ఫ్రేమునూ అడుగడుగునా తట్టుకుంటూ వెళ్లారు. ప్రతి చోటా గట్టి చప్పుడే వచ్చింది. ఎక్కడా బొదబొదమనలేదు.

“గుండె బాగుంది సార్, ఎముకలూ బాగున్నాయి. పోయినవన్నీ రబ్బరు, ప్లాస్టిక్” అన్నారు. “తుప్పు పట్టిన బండి అయితే నేనే వద్దనేవాణ్ని. ఎంత మంచి ఇంజనైనా దాన్ని మోసే ఇనుము ఉండాలి కదా.”

నాకు ఆ పర్యటన మొత్తంలో దక్కిన అసలైన తెలివి ఇదే. మా ఎస్టిమేటు కాగితంలో అయిదు పద్దులూ ఒకే రకంగా కనిపిస్తున్నాయి. కానీ అందులో నాలుగు, వయసుతో ఒక్కసారే ముదిరే రబ్బరు, ప్లాస్టిక్ పద్దులు. ఒకసారి మారిస్తే మళ్లీ చాలా ఏళ్లు వాటి మాట ఉండదు. అయిదోది గేర్‌బాక్సు. దాన్ని కంప్రెషన్ గేజీ పెట్టి చూడలేం. కారు చేసినవారి పుస్తకం ఆ ఆయిల్ జీవితాంతం పనిచేస్తుందని చెబుతుంది. ఎన్నో కార్ల కంపెనీలకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థ మాత్రం, నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మా బండిలో ఆ ఆయిల్ అంతకు రెట్టింపుకు పైగా తిరిగింది. ఇప్పుడు మారిస్తే గేర్లు జారతాయని కొందరు భయపెట్టారు. మేస్త్రి గారిని అడిగితే, జారేది కొత్త ఆయిల్ వల్ల కాదని, అప్పటికే అరిగిన క్లచ్ ప్లేట్ల వల్లనని అన్నారు. మిషను పెట్టి బలంగా కడగకుండా, దిగినంత దించి, అంతే కొత్తది పోసి, కొన్ని వేల కిలోమీటర్ల తరవాత మళ్లీ అలాగే చేయమన్నారు. నాకు ఆ మాట సబబుగా తోచింది.

ఆ రాత్రి బసలో నోటుపుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. నేను మళ్లీ అదే లెక్క మొదలుపెట్టాను: మరమ్మతు ఎంత, అమ్మితే వచ్చేది ఎంత.

“ఏమండీ, మీరు అమ్మబోయే కారుతో పోలుస్తున్నారు గానీ, కొనబోయే కారుతో పోల్చారా?” అంది నా భార్య.

పోల్చలేదు. మేము మనసుపడిన మూడేళ్ల వయసున్న కారు ప్రకటనలు తీసి, అదే మోడలు ఆరేళ్లది ఎంతకు అమ్ముతున్నారో పక్కన రాసుకున్నాం. ఆ ప్రకటనలను బట్టి మూడేళ్లలో అది ధరలో దాదాపు మూడో వంతు పోగొట్టుకుంటుంది. దాన్ని ఏడాదికి పంచి చూస్తే, మా పాత కారుకు గత నాలుగేళ్లలో ఏడాదికి సగటున పెట్టిన మరమ్మతు ఖర్చు కన్నా ఎక్కువే తేలింది. వడ్డీ, బీమా ఇంకా కలపలేదు. పాత కారు ధర పడిపోవలసినంతా ఎప్పుడో పడిపోయింది, ఇక దానికి పోయేదేమీ పెద్దగా లేదు. అయితే డబ్బు లెక్కతోనే తీరేది కాదు ఇది. ధర తగ్గడం మనిషిని కనుమ మలుపులో నిలబెట్టదు. పిల్లలు వెంట ఉండి, చీకటి పడి ఉంటే ఎలా ఉండేదని ఆమె అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. చాలా కొత్త కార్లలో ముందున్న బండిని పసిగట్టి తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు ఉంది, మా దాంట్లో లేదు. ఆ విషయంలో పాత కారు తరఫున వాదించడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇలాంటప్పుడు అందరూ ఇర్వ్ గార్డన్‌ను తలుచుకుంటారు. 1966 నాటి వోల్వో పీ1800ఎస్ కారును దగ్గర పెట్టుకుని 2013లో 30 లక్షల మైళ్లు దాటించిన అమెరికా ఉపాధ్యాయుడు ఆయన. నాకూ ఆయన అంటే గౌరవమే. కానీ ఆ కారులో గాలి తిత్తులు లేవు, మీట నొక్కితే స్పందించే పదుల కొద్దీ కంప్యూటర్లు లేవు. ఆ తరం బండికి వర్తించే ఓర్పు మా తరం విలాసపు కారుకు అలాగే వర్తించదు. అందుకే ఎంతవరకు ఖర్చు పెట్టాలో ముందే గీత గీసుకోవాలని అనుకున్నాం. ఎస్టిమేటు కాగితం వెనక నా భార్య తన చేతిరాతతో రాసింది: గేర్‌బాక్సు లోపల క్లచ్‌లు పోయినా, కింద తుప్పు కనిపించినా, ఒకే ఏడాదిలో రెండోసారి దారిలో ఆగిపోయినా ఆ కారు మీద ఇంకేమీ పెట్టకూడదు.

నాలుగో రోజు మధ్యాహ్నం హౌసింగు వచ్చింది. దానితో పాటు థర్మోస్టాట్, పసుపు తిరిగిన ట్యాంకు కూడా మార్చి, కొత్త కూలెంట్ నింపి, గాలి బుడగలు పోయేదాకా ఇంజను నడిపించారు. అయిదో రోజు అదే కనుమ మళ్లీ ఎక్కి, అవతలివైపు దిగి ఇంటికి వచ్చాం. అతి నిటారు మలుపులో కూడా అంకె 99 దాటలేదు. ఇల్లు చేరేసరికి ఓడోమీటరు 2,88,640.

తరవాతి వారం ముందు తిత్తులు రెండూ జంటగా మార్పించాం, ఒకటే మారిస్తే రెండోది ఎన్నాళ్లో ఆగదు. ఉక్కు స్ప్రింగులు వేస్తే చాలా చవక అని చెప్పారు, కానీ ఆ తేలిక నడక కోసమే ఆ కారును ఉంచుకుంటున్నప్పుడు దాన్నే తీసేయడానికి నేను ఒప్పుకోలేదు. బుష్‌లు వేయించాం. గేర్‌బాక్స్ ఆయిల్ మొదటి విడత దించినప్పుడు నల్లగా వచ్చింది, పాన్ అడుగున అయస్కాంతాలకు బూడిద రంగు మెత్తటి పొడి తప్ప ఇనుప ముక్కలు అంటుకోలేదు. రెండో విడత 5,000 కిలోమీటర్ల తరవాత.

మొన్న రాత్రి కూడా చలి పడింది. ఉదయం ఇద్దరం బయటికి వెళ్లినప్పుడు, నాకన్నా ముందు ఆమె వంగి ముందు ఎడమ టైరు పైన చెయ్యి పెట్టి చూసింది. నాలుగు వేళ్లు పట్టాయి.