కంట్లో సిర మూసుకుపోయి వాపు వచ్చింది, ఏడు ఇంజెక్షన్లు అయ్యాయి: నా అనుభవం

పోయిన సంక్రాంతి అయ్యాక ఒకరోజు పేపర్ చదువుతుంటే అక్షరాల లైన్లు మధ్యలో వంకరగా కనబడ్డాయి, కుడి కన్ను మూసి చూస్తే మా ఆవిడ మొహమే మసక. నొప్పి లేదు, ఎరుపు లేదు, నంబర్ మారిందేమో అని కొత్త అద్దాలు చేయించుకుని మూడు వారాలు పోగొట్టాను.

ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్లి రెటీనా (కంటి లోపల వెనక ఉండే చూపు పొర) డాక్టర్‌కి చూపిస్తే చుక్కల మందేసి చూసి ఓసీటీ స్కాన్ తీశారు, అది రెటీనా పొరల మందం చూపిస్తుంది. బీఆర్‌వీఓ అన్నారు, అంటే రెటీనాలో ఒక సిర కొమ్మ మూసుకుపోవడం. బీపీతో గట్టిపడిన ధమని తను దాటే చోట కింద సిరని నొక్కేస్తుందట, అది మూసుకుపోయి నీరు కారి మాక్యులా, అంటే సూటి చూపునిచ్చే రెటీనా మధ్యభాగం, ఉబ్బింది, 250 దగ్గర ఉండాల్సిన మందం 510 మైక్రాన్లు. అక్కడే బీపీ చూస్తే 170/100, నేనేమో తలనొప్పి లేదుగా అని మాత్రలు మానేస్తూ ఉండేవాడిని.

కంట్లో సూది అనగానే కాళ్లు వణికాయి, నిజం. కానీ మత్తు చుక్కలేసి, అయోడిన్‌తో కడిగి, రెప్పలు మూతపడకుండా క్లిప్ పెట్టి, తెల్లగుడ్డులో పొడిచారు, కాస్త ఒత్తిడి తెలిసింది అంతే. మందు రానిబిజుమాబ్. స్టెరాయిడ్ ఇంప్లాంట్ కూడా ఉంది కానీ మా నాన్నగారికి గ్లాకోమా ఉండేది, దాంతో కంటి ప్రెషర్ పెరగొచ్చని వద్దన్నారు.

నెలకొకటి చొప్పున మూడు అయ్యేసరికి 270కి దిగింది, చూపు బాగుంది, అమ్మాయి పెళ్లి హడావిడి, ఇక చాల్లే అని రెండు నెలలు వెళ్లలేదు. జులైలో మళ్లీ వంకర్లు, స్కాన్‌లో 430! అప్పుడు అడిగితే డాక్టర్ గారు విడమర్చి చెప్పారు, ఈ మందు బ్లాక్ తీయదండీ, ఆక్సిజన్ అందని రెటీనా వదిలే వీఈజీఎఫ్‌ని (రక్తనాళాల నుంచి నీరు కారేలా చేసే ప్రోటీన్) ఆపుతుంది అంతే, మందు పని అయిపోతే నీరు మళ్లీ చేరొచ్చు అని. ఈ ముక్క మొదట్లోనే నాకు అర్థమై ఉంటే ఆ రెండు నెలలు పోయేవి కావు, అందుకే ఇంతలా రాస్తున్నా.

మళ్లీ మూడు నెలలు వరసగా, తర్వాత ఆరు వారాలకి ఒకటి, ఇప్పుడు ఎనిమిది వారాల గ్యాప్ ఇచ్చారు. 6/36 ఉన్న చూపు 6/9కి వచ్చింది (6/6 అంటే మామూలు చూపు), ఒక మూల మాత్రం సన్నటి వంకర అలాగే ఉండిపోయింది. సూది వేసిన తర్వాత రోజుల్లో నొప్పి పెరిగినా, ఎరుపెక్కినా, చూపు తగ్గినా రేపటిదాకా ఆగొద్దు, ఇన్ఫెక్షన్ కావచ్చు, వెంటనే వెళ్లండి. నేను రోజూ పొద్దున బీపీ మాత్ర వేసుకుని, ఒక్కో కన్నూ మూసి గోడ మీద క్యాలెండర్ గళ్లు చూస్తాను. ఎనిమిదోది సంక్రాంతికి.