తమ్ముడి తలలో గడ్డ, చేతిలో సీడీ

మాది కావలి దగ్గర పల్లె. నిరుడు కార్తీకంలో రొయ్యల చెరువులో మేత చల్లుతూ తమ్ముడు ఫిట్స్ వచ్చి గట్టు మీద పడిపోయాడు. ఎంఆర్ఐ తీయిస్తే మెదడు ఎడమవైపు ముందుభాగంలో గడ్డ ఉందన్నారు. రిపోర్టులో "తక్కువ గ్రేడ్ గ్లయోమా అయ్యుండొచ్చు" అని ఒకే వాక్యం. అంటే మెదడు కణాల్లోంచే పుట్టి నిదానంగా పెరిగే గడ్డ. ఆ "అయ్యుండొచ్చు"తో అమ్మ పదిహేను రోజులు సరిగా అన్నం తినలేదు.

పినాకిని రైల్లో చెన్నై వెళ్లాం. డాక్టరుగారు ముందు అడిగింది స్కాన్ సీడీ. మా దగ్గర ఫిల్ములే ఉన్నాయి. స్కాన్ సెంటరువాళ్లు సీడీ ఇవ్వలేదు, అడగాలని మాకూ తెలియదు. మళ్లీ మొదటినుంచీ తీయాల్సొచ్చింది. మీరు ఎక్కడ తీయించినా సీడీ అడిగి తీసుకోండి. నిదానంగా పెరిగే గడ్డ పెరిగిందో లేదో తేలేది పాత బొమ్మ పక్కన కొత్తది పెట్టి చూసినప్పుడే.

కొత్త స్కాన్‌లో రెండు రకాలుగా తీసిన బొమ్మలు చూపించారాయన. టీ2 అనేదాంట్లో గడ్డంతా తెల్లగా ఉంది. ఫ్లెయిర్‌లో అదే గడ్డ లోపల నల్లబడి, చుట్టూ తెల్లంచు మిగిలింది. ఈ తేడా కనబడితే ఐడీహెచ్ జన్యువులో మార్పున్న ఆస్ట్రోసైటోమా అనే రకం గ్లయోమా అయ్యే అవకాశం చాలా ఎక్కువట. పర్ఫ్యూజన్ అనే ఇంకో స్కాన్‌లో నరానికి మందెక్కించి గడ్డలోకి రక్తం ఎంత పోతోందో చూశారు, తక్కువే ఉంది. ఇంత చూసినా, ముక్క తీసి పరీక్షిస్తేగానీ ఖాయంగా చెప్పలేనన్నారు. అలా దాచకుండా చెప్పినందుకే ఆయన మీద నాకు గురి కుదిరింది.

తర్వాత ఫంక్షనల్ ఎంఆర్ఐ. మాటకు సంబంధించిన చోటు గడ్డకి ఎంత దూరమో ఆపరేషన్‌కి ముందే చూసుకోవడానికి చేస్తారు. లోపల పడుకుని, పైకి అనకుండా మాటలు తలచుకోవాలి. అప్పుడు మెదడులో ఎక్కడ రక్తం ఎక్కువ చేరుతుందో మిషన్ పట్టుకుంటుంది. టెక్నీషియన్‌కి తెలుగు రాదు, మైకు నాకే ఇచ్చారు. "ఒరే, చేపల పేర్లు అనుకోరా" అన్నాను. కాసేపటికి "ఇంక ఆపు". మళ్లీ "అనుకో". అద్దంలోంచి వాడి పాదాలే కనిపిస్తున్నాయి. బయటికొచ్చి, "కొరమేను, బొచ్చె, జెల్ల అనుకున్నానన్నా. ఇంకోటి, మన చెరువులోదే, ముల్లుండేది... పేరు రాలా" అన్నాడు. పండుగప్ప. గుండె కలుక్కుమంది.

ఫిబ్రవరిలో ఆపరేషన్ అయింది. మాటకి దగ్గరగా ఉన్న కొంచెం వదిలేశారు. పరీక్షలో ఐడీహెచ్ మార్పు ఉందనే వచ్చింది, గ్రేడ్ 2. ఇప్పుడు మూడు నెలలకోసారి స్కాన్. సీడీల మీద తారీఖులు రాసి ఇస్తే అమ్మ బీరువాలో చీరల మధ్య పెడుతోంది.