పాపసంకీర్తనం అంటే పాట కాదండీ

ఈ పాస్కా జాగరణ రాత్రి, అంటే ఈస్టర్ ముందు రాత్రి పూజలో, మా కతోలిక విచారణలో (మా చర్చిలో) ఇద్దరు పెద్దవాళ్లు జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకున్నారు. ఇంకొకామె వేరే సంఘం నుంచి వచ్చి చేరింది. ముగ్గురికీ ఉపదేశం చెప్పింది నేనే. ఇప్పటికి ఊపిరి పీల్చుకున్నాను.

జ్ఞానస్నానంలో పక్కన నిలబడే జ్ఞానతల్లిదండ్రులు ఒక్క వారంలో దొరికారు. 16 ఏళ్లు నిండి, భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని బలపరిచే తైలాభిషేకం) అయి, బుద్ధిగా గుడికొచ్చే కతోలికులైతే చాలు. కన్నవాళ్లు మాత్రం పనికిరారు. జపాలు రెండు వారాల్లో వచ్చేశాయి. జపమాల చేతికిస్తే మంగళవార్త జపం పూసలే నేర్పేస్తాయి.

నా పరువు పోయింది మాటల దగ్గర. పాత జ్ఞానోపదేశం పుస్తకం తెరిచి "ఏడు దేవద్రవ్యానుమానాలు" అని మొదలుపెట్టాను. "దేవుడి మీద ఏడు అనుమానాలాండీ?" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు. "దివ్య సంస్కారాలు", అంటే జ్ఞానస్నానం లాంటి ఏడు పవిత్ర కార్యాలు, అని సర్దుకుని జన్మపాపానికి (ఆదాము అవ్వల పాపం వల్ల అందరికీ పుట్టుకతో వచ్చేదానికి) వెళ్తే, "పోయిన జన్మలో చేసిందా?" అని ఇంకో ప్రశ్న.

దీనికి తాత చేసిన అప్పును పోలికగా చెప్తుంటారు కొందరు. చెప్పకండి. "నేను చెయ్యని తప్పుకు నాకు శిక్షేంటి?" అని వెంటనే పట్టుకుంటారు, అది న్యాయమే. తాత ఆస్తంతా పోగొడితే మనవడు పేదవాడిగా పుడతాడు. తప్పు వాడిది కాదు, లేమి మాత్రం వాడిదే. ఇలా చెప్పాకే వాళ్లకు ఎక్కింది.

అసలు గండం పాపసంకీర్తనం. సంకీర్తన అంటే వాళ్లకు అన్నమయ్యే. "నాకు పాడటం రాదండీ" అంది ఆ వేరే సంఘం ఆమె, నిజంగానే భయపడి. నలభై నిమిషాలు ఏవేవో చెప్పాను, ఒక్క ముక్క ఎక్కలేదు. వచ్చే వారం పుస్తకం ఇంట్లో వదిలేసి వెళ్లాను. చేసిన తప్పు దాచకుండా ఫాదర్ గారి దగ్గర చెప్పుకుని, దేవుడి క్షమాపణ ఆయన నోట వినడం అన్నాను. అంతే, విషయం తేలిపోయింది. పేరు ఆఖర్న చెప్పాను.

వెంటనే "ఊళ్లో చెప్పేస్తే?" అన్నారు. ప్రాణం మీదికొచ్చినా ఫాదర్ గారు చెప్పకూడదు. చెప్పిన ఫాదర్ ఆ క్షణమే శ్రీసభ నుంచి వెలి అయిపోతాడు. ఇది ముందే చెప్పండి, లేకపోతే ఇంకేమీ వినరు. తర్వాత క్రమం: ముందు మనసులో వెతుక్కోవాలి, కిందటిసారి ఎప్పుడు చేశామో చెప్పాలి, పెద్ద పాపాలైతే ఏది, ఎన్నిసార్లు అన్నది చెప్పాలి. కథ అక్కర్లేదు. సగం మంది తమ తప్పులకు బదులు అత్తగారి తప్పులు ఒప్పుకుంటారు!

కొత్తగా జ్ఞానస్నానం పొందేవాళ్లకు మొదటి సత్ప్రసాదానికి (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పానికి) ముందు ఈ పాపసంకీర్తనం అక్కర్లేదు, ఆ నీళ్లతోనే అన్నీ పోతాయి. వేరే సంఘం నుంచి వచ్చినామెకు మాత్రం కావాలి. నీళ్లతో, పితా పుత్ర పవిత్రాత్మ నామమున ఇచ్చిన బాప్తిస్మం చెల్లుతుంది కాబట్టి మళ్లీ ఇవ్వరు. ఆమె బాప్తిస్మం కాగితం కోసం ఆమె పాత సంఘం ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. గుమాస్తా తాళంచెవి ఒకసారి లేదన్నాడు, రిజిస్టరు ఒకసారి లేదన్నాడు. మొదటి వారమే అడిగి పెట్టుకోండి.

మరియమ్మ దగ్గర నేను గట్టివాణ్ణే. విజయవాడ గుణదల మరియమ్మ కొండెక్కి తలనీలాలిచ్చిన వాళ్లే జ్ఞానస్నానం తీసుకున్న ఇద్దరూ, అందుకే "ఆమె దేవత కదా" అన్నారు. యేసు, మరియమ్మ వెళ్లిన కానా ఊరి పెళ్లి కథ చెప్పాను. విందులో ద్రాక్షారసం అయిపోయింది; సరుకు తక్కువైతే పెళ్లివారి పరువేమవుతుందో మనవాళ్లకు వేరే చెప్పాలా? ఆమె కొడుకుతో చెప్పింది, పనివాళ్లతో ఆయన చెప్పినట్టు చెయ్యమంది. నీళ్లను ద్రాక్షారసం చేసిన అద్భుతం మాత్రం ఆయనదే.

జాగరణకు చుట్టాలొస్తారు. సత్ప్రసాదంలో ప్రసాదం అన్న మాట విని హిందూ గుళ్లో లాగే చెయ్యి చాపుతారు. ఇది పంచిపెట్టే ప్రసాదం కాదు, సాక్షాత్తూ క్రీస్తే అని పూజకు ముందే వాళ్లకు మెల్లగా చెప్పండి. తీసుకునేవాళ్లకు గంట ఉపవాసం. మంచినీళ్లు, మందులు ఫర్వాలేదు.

అనుమానాలాయన ఇప్పుడు తమ్ముణ్ణి తీసుకొస్తానంటున్నాడు. ఆ పుస్తకం బీరువా పైన పడేశాను.