కాస్త పక్కకు చూడు

మాష్టారు పోయారని చెప్పిన స్నేహితుడే ఈమధ్య మళ్లీ ఫోన్ చేసి, అది నిజం కాదేమో అన్నాడు. ఆ 'కాదేమో'ను నమ్ముకుని డిసెంబరులో రైలెక్కాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆయన లేకపోతే ఎలా అని ఒక దిగులు, ఉంటే ఏ ముఖంతో నిలబడాలని ఇంకో టెన్షన్. 26 ఏళ్లలో ఒక్క ఉత్తరం కూడా రాయలేదు నేను.

పాత ఇంట్లో వేరేవాళ్లున్నారు. బడిలో అందరూ కొత్తవాళ్లే. ముసలి వాచ్‌మన్ ఒక్కడే గుర్తుపట్టి చెప్పాడు: "కళ్లు పోయాయి బాబూ. కూతురొచ్చి తీసుకెళ్లింది." ఊరి పేరూ అతనే చెప్పాడు.

బస్సులో మూడు గంటలూ ఆ మాటే నలిగింది. మాకు ఆకాశం చూడ్డం నేర్పింది ఆయనే మరి. చలికాలం రాత్రుళ్లు బడి మైదానంలో లైట్లన్నీ ఆర్పించి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా అరగంట కూర్చోబెట్టేవారు. ఆండ్రొమెడా గెలాక్సీ ఎంతకీ కనిపించక నేను ఏడుపుముఖం పెడితే, "నేరుగా చూడకు, కాస్త పక్కకు చూడు" అన్నారు. కంటి లోపల వెనకవైపు ఉండే రెటీనా పొర నడిమధ్యన ఉండేవి కోన్ కణాలట, వాటికి మంచి వెలుతురు కావాలి. మసక వెలుగును పట్టే రాడ్ కణాలు చుట్టూ ఉంటాయి. పక్కకు చూశాను. పొగమరకలా కనిపించింది, 25 లక్షల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు!

వరండాలో కుర్చీలో ఉన్నారు మాష్టారు. నా అడుగుల చప్పుడుకు తలెత్తి, దగ్గరికి వెళ్లగానే ముఖం పక్కకు తిప్పుకున్నారు. గుండె జారిపోయింది. ఇన్నేళ్లూ రానందుకు కోపమనుకున్నాను.

"కోపం కాదండీ," అంది కూతురు. "నాన్నకి మాక్యులర్ డీజెనరేషన్. చూపులో మధ్యభాగం పోయింది, అంచులున్నాయి."

కళ్లు పోయాయని జనం ఎంత తేలిగ్గా అనేస్తారో! ఆయన ఇంట్లో ఎవరి సాయమూ లేకుండా తిరుగుతున్నారు. అక్షరాలు, ముఖాలు మాత్రం అందవు. "సూటిగా చూస్తే నీ ముఖం ఉండాల్సిన చోట ఒక మచ్చ ఉంటుంది. నీ చెవి పక్కకు చూస్తే గడ్డం, నుదురు తెలుస్తున్నాయి," అన్నారు. ఆ గొంతు ఏమీ మారలేదు. నా పేరు ఆయనకు గుర్తు లేదు. మైదానం గురించి చెప్పాక నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

చీకటి పడ్డాక వరండా లైటు తీయించారు.

"ఆండ్రొమెడా ఉందా? నాకిక అందదు. నువ్వు చూసి చెప్పు."

అరగంట ఇద్దరం మాటల్లేకుండా కూర్చున్నాం.

"కనిపించింది మాష్టారూ."

"నేరుగా చూశావా?"

"లేదండీ. కాస్త పక్కకు."

"ఇంకాసేపు చూడు," అన్నారు.