క్యోటో నుంచి పడమరగా

ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా జపాన్‌లో చదువుతున్న నాకు వసంతకాలపు సెలవులు దొరకగానే, క్యోటో నుంచి రైలెక్కి పడమరగా బయలుదేరాను. దారిలో దిగి చూసిన హిమేజీ కోట తెల్లగా, ఠీవిగా ఉంది. అయితే లోపలి చెక్కమెట్లు ఎంత నిటారుగా ఉన్నాయంటే, బూట్లు చేత పట్టుకుని ఎక్కుతున్నంతసేపూ నేను చూసింది నా పాదాలనే.

హిరోషిమాలో మాత్రం ఒక పూట అనుకున్నది రెండు రోజులైంది. చెక్ వాస్తుశిల్పి యాన్ లెట్జెల్ రూపకల్పనలో 1915లో పూర్తయిన ప్రదర్శనశాల, 1945 ఆగస్టు 6 ఉదయం 8:15కు పడిన అణుబాంబు ధాటికి శిథిలమై, మొండిగోడలతో, ఇనుప చట్రం మాత్రమే మిగిలిన గుమ్మటంతో నది ఒడ్డున నేటికీ నిలిచి ఉంది. దాన్ని ఫొటో తీయడానికి ఎందుకో నాకు చేయి రాలేదు.

ఆటుపోట్ల వేళలు చూసుకోకుండా హిరోషిమా దగ్గరి మియాజిమా దీవికి వెళ్ళడం నా పొరపాటే. నీటిపై తేలుతున్నట్టు కనిపించవలసిన ఇత్సుకుషిమా ఆలయపు ద్వారతోరణం చుట్టూ తడి ఇసుక తప్ప ఏమీ లేదు. కానీ అందువల్లే దాని మొదలు దాకా నడిచి వెళ్ళి, 1875లో నిర్మించిన ఆ తోరణపు కర్పూరవృక్షపు స్తంభాలను, వాటికి కరుచుకున్న నత్తగుల్లలను దగ్గరగా చూడగలిగాను. స్తంభాలను నేలలో పాతలేదని, తోరణం సొంత బరువు మీదే నిలుస్తుందని తెలిసి ఇంకాస్త సేపు ఆగాను. ఈలోగా ఒక జింక నా చేతిలోని పటాన్ని సగం నమిలేసింది. నీళ్ళు తిరిగొచ్చి బూట్లు తడిసిపోయాయి.