రంగంలో ఇద్దరూ కోరంగీలే

"జాతి వివక్ష అంటే కులం గురించేనా మాస్టారూ?"

మొదటి ఆదివారం వచ్చిన మొదటి ప్రశ్న ఇది. అడిగినాయన రొయ్యల చెరువు కౌలుకి చేస్తారు. నేను అందరినీ పిలిచింది అమెరికాలో నల్లజాతివాళ్ళ గురించి మాట్లాడుకుందామని. "కాదండి, రెండూ వేరు" అని చెప్పేసి ముందుకి వెళ్ళిపోయాను. అక్కడ ఆగకపోవడం ఎంత పొరపాటో ఏడో వారానికి గాని తెలియలేదు.

మాది తాళ్ళరేవు దగ్గర. హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఊరి గ్రంథాలయం వరండాలో పది పన్నెండు మందిమి కూర్చుంటాం. ఒకరు ఏదైనా చదివొచ్చి సొంత మాటల్లో చెప్తారు. వాళ్ళు ఆపేదాకా ఎవరూ అడ్డురాకూడదు. పెట్టుకున్న నియమం అదొక్కటే. దాన్ని నిలబెట్టుకోవడానికే నెల పట్టింది.

మొదటి వారాలు సాఫీగా గడిచాయి. బానిసత్వం గురించి విన్నాం. బస్సుల్లో నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళనీ వేరుగా కూర్చోబెట్టడాన్ని కాదని అమెరికాలోని మాంట్‌గోమరీ ఊళ్ళో 381 రోజులు బస్సులెక్కకుండా నడిచినవాళ్ళ గురించి, 2020లో మినియాపోలిస్‌లో పోలీసు మోకాలి కింద ప్రాణం పోయిన జార్జ్ ఫ్లాయిడ్ గురించి విన్నాం. అయ్యో పాపం అనుకుని ఇళ్ళకి వెళ్ళిపోయాం.

నాలుగో వారం ఒకాయన, వాళ్ళబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, "నల్లోళ్ళున్న వైపు ఇల్లు తీసుకోకూడదని మావాడు చెప్పాడండి, అటు భయమట" అన్నారు. చాలామంది తలలూపారు. నాకు బాధనిపించింది. ఆయన చెప్పడం అయ్యేదాకా ఆగి, చదివిందే చెప్పాను. 1946 చట్టం ప్రకారం మన దేశం నుంచి ఏడాదికి వంద మందికే అమెరికాలో స్థిరపడే వీలుండేది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయి. ఆ చట్టాలు తెచ్చిన నల్లజాతివాళ్ళ ఉద్యమం వేడి చల్లారకముందే, అదే 1965లో, పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పాత పద్ధతిని తీసేశారు. లాఠీదెబ్బలు తిని, జైళ్ళకి వెళ్ళి నల్లజాతివాళ్ళు తెచ్చిన మార్పు లేకపోతే మనూళ్ళ నుంచి ఇంతమంది పిల్లలు అక్కడికి వెళ్ళగలిగేవారు కాదేమో అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. మరుసటి వారం మాత్రం అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నారు.

ఏడో వారం వంతు నాది. బర్మాలోని రంగూన్ గురించి చెప్పాను. మా వైపు పెద్దవాళ్ళు రంగం అనేవారు. ముందు కోరంగి రేవు నుంచి, తర్వాత కాకినాడ నుంచి ఓడలెక్కి కూలికి వెళ్ళేవారు. అందుకే అక్కడ తెలుగు కూలీలందరికీ కోరంగీలన్న పేరు పడింది. పోనుపోను మన ఊరి పేరే అక్కడ తిట్టయింది. 1930 మే నెలలో రంగూన్ రేవు కూలీలు సమ్మె చేశారు. వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. వాళ్ళ బదులు బర్మా కూలీలని పనిలో పెట్టారు. సమ్మె తేలిపోయాక ఆ బర్మా కూలీలని పొమ్మన్నారు. ఆ కడుపుమంట మనవాళ్ళ మీద తిరిగింది. కోరంగీలని వీధుల్లో వెంటాడి చంపారు.

మా తాత అప్పుడు అక్కడే ఉన్నారు. బస్తాలు మోసి మోసి ఆయన కుడి భుజం మీద చింతగింజంత కాయ కాసింది. చిన్నప్పుడు దాన్ని వేలితో నొక్కి చూసేవాణ్ణి. రంగం గురించి ఆయన చెప్పింది ఒకే ఒక్క ముక్క: గోదాంలో మూడు రోజులు దాక్కున్నాం, కుండెడు గంజితో బతికాం అని. అదే చెప్పి ఆపాను.

పేట నుంచి మనవరాలితో వచ్చే పెద్దావిడ అంతవరకూ ఒక్క వారం కూడా నోరు విప్పలేదు. ఆ రోజు అన్నారు: "ఆ కుండలో గంజి మా నాన్న కూడా తాగాడండి మాస్టారూ. ఇద్దరూ ఒకే ఓడలో ఎళ్ళారంట. రంగంలో ఇద్దరూ కోరంగీలేనండి. తిరిగొచ్చాక మా నాన్న మీ అరుగు ఎక్కలేదండి."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఎన్నేళ్ళ నుంచో మోస్తున్నది కిందికి దించినట్టు చెప్పారు.

నాకు మా పెరటి చూరులో దోపి ఉండే సత్తు గ్లాసు గుర్తొచ్చింది. అంచు ఒకచోట సొట్ట. పొలం పనికి వచ్చినవాళ్ళు దాన్ని వాళ్ళే తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ అక్కడే దోపేవారు. చెంబు గ్లాసుకి తగలకుండా పైనుంచి నీళ్ళు పొయ్యడం మా మామ్మ నేర్పింది. ఏడేళ్ళవాణ్ణి, ఒక్క చుక్క ఒలకకుండా పోసేవాణ్ణి. తాత మంచం మీద కూర్చుని చూస్తుండేవారు. ఏ రోజూ వద్దనలేదు. రంగంలో ఆ గంజి తాగిన మనిషి ఎలా చూస్తూ ఊరుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ గ్లాసు సంగతి అక్కడే, ఆవిడ ముందే చెప్పాను. మాట పూర్తయ్యేసరికి గొంతు పూడుకుపోయింది. మధ్యలో ఎవరూ అడ్డురాలేదు.

తర్వాత రొయ్యల చెరువు ఆయనకి ఆయన ప్రశ్న గుర్తుచేసి క్షమించమన్నాను. అమెరికా వర్ణ వివక్షా మన కులమూ ఒకటే అని ఇప్పటికీ అనను. అక్కడ మనుషుల్ని ఓడల్లో బంధించి తెచ్చి అమ్మారు, రంగు చూసి గీత గీశారు. ఇక్కడ రంగుతో పనిలేదు, ఇంటిపేరు చాలు, పేట పేరు చాలు. కానీ ఆయన ప్రశ్న మన భాషలోంచే వచ్చింది. "జాతి తక్కువోళ్ళు" అనే మాట మా ఊళ్ళో నేను వింటూనే పెరిగాను. ఆ జాతిని పక్కన పెట్టి అమెరికా జాతి గురించి మాత్రమే మాట్లాడదాం అంటే ఆయనకి ఎలా కుదురుతుంది?

1946లో అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. అమెరికా నల్లజాతివాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న విన్నపం ప్రతి కావాలని అందులో అడిగారు. వాళ్ళ స్థితికీ ఇక్కడి అంటరానివాళ్ళ స్థితికీ ఎంతో పోలిక ఉందని కూడా రాశారు. డుబోయిస్ సానుభూతితో జవాబిచ్చారు. రెండు ఉత్తరాలూ చిన్నవే. వచ్చే ఆదివారం అవే చదువుకుంటున్నాం. తెలుగు చేస్తున్నది ఆ పెద్దావిడ మనవరాలు, డిగ్రీ రెండో సంవత్సరం. నిన్న రాత్రి ఫోన్ చేసింది, నీగ్రో అన్న మాట అలాగే ఉంచాలా, మార్చాలా అని. ఉత్తరంలో ఎలా ఉంటే అలాగే ఉంచమన్నాను. "అయితే ముందు ఆ మాట గురించే మాట్లాడదామండి, నాయనమ్మ కూడా ఏదో చెప్తానంటోంది" అంది.